వెతికే వరస

సాయంత్రం ఐదున్నరకు ముందుగదిలో ల్యాప్‌టాప్ దానంతట అదే మేలుకుంది. మొదట లోపలి ఫ్యాను చిన్నగా బుస కొట్టింది. తరవాత తెర వెలిగి, బల్ల మీద పేర్చిన పాత టేప్ రికార్డర్ల మీద, వాటి వెనక గోడ మీద వెలుగు పడింది. వంటింట్లో కత్తిపీట ముందు కూర్చున్న ఆమె చెయ్యి కూరముక్క మీదే ఆగిపోయింది.

ఇందులో దయ్యమూ లేదు, భూతమూ లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. బతికుండగా ఆమె భర్తే అలా పెట్టుకున్నాడు. గోదాములో తూకాలు వేసే ఉద్యోగం ముగించుకుని ఇంటికొచ్చాక ఆయన అసలు పని మొదలయ్యేది. ఊళ్లోవాళ్ల పాత క్యాసెట్లు తెచ్చుకుని, వాటిలోని గొంతులు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, గరగరలు తుడిచి ఇచ్చేవాడు. ల్యాప్‌టాప్ ముసలిది. లెమ్మంటే లేచేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది. అందుకని తను గేటు తీసే వేళకు అది తయారుగా ఉండేలా టైము పెట్టాడు. ప్లగ్గు పీకనిచ్చేవాడు కాదు.

లేచిన వెంటనే అది ఆయన గొంతుతో మాట్లాడేది కూడా. ఎడమ స్పీకరులో 'ఒకటి'. కుడి స్పీకరులో 'రెండు'. రెండిట్లోనూ కలిపి 'మూడు'. ఆ తరవాత 'వినిపిస్తోందా?' రెండు స్పీకర్లూ పలుకుతున్నాయో లేదో గేటు దగ్గరే తెలిసిపోవాలని ఆయన పన్నిన పన్నాగం అది. కుడి స్పీకరు తీగ ఎప్పుడూ వదులే. 'రెండు' వినపడకపోతే చెప్పులైనా విడవకుండా వెళ్లి దాని నెత్తిన నాలుగు తట్టేవాడు. వంటింట్లోంచి ఆమె రోజూ ఒకటే జవాబు చెప్పేది. "ఆఁ, వినిపిస్తోంది. ఊరంతటికీ వినిపిస్తోంది."

ఇప్పుడు అది మాట్లాడటం లేదు. లేస్తుంది, నల్లటి తెర మీద తెల్లగా రెండు ఇంగ్లీషు ముక్కలు చూపిస్తుంది, అలాగే ఉండిపోతుంది. ఎదురింటి కాలేజీ పిల్ల చదివి చెప్పింది. మొదలవడానికి ఏమీ దొరకలేదట, ఏదైనా మీట నొక్కమంటోందట. ఆమె నొక్కి చూసింది. మళ్లీ అవే ముక్కలు వచ్చాయి. ఎవరినో వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డ మనిషిలా ఉంది దాని వాలకం.

"లైటు పడింది. పెద్దోడొచ్చే వేళైంది," అంది కిటికీ దగ్గర మంచం మీంచి అత్తగారు. ఆవిడకు చెవులు బొత్తిగా పనిచెయ్యవు. గోడ మీద వెలుగే ఆవిడ గడియారం. అన్నాక గుర్తొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రోజూ ఇంతే. ఆ కొంగు అలా నోటి దగ్గరికి వెళ్లడం చూడలేక ఆమె తల తిప్పుకుని ముక్కలు తరగడం మొదలుపెట్టింది.

ఆయన పోయి నెల దాటింది. గోదాములో కాటా పక్కనే కూలబడిపోయాడు. కర్మలన్నీ అయ్యాక కొన్నాళ్లకు మరిది వచ్చి, సర్వీసింగ్ చేయించుకొస్తానని ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుపోయాడు. మర్నాడు తెచ్చి బల్ల మీద పెట్టి, గోడకేసి చూస్తూ, "పాడైపోయింది వదినా. లోపలిదంతా పోయినట్టే. ఆశ వదులుకో," అన్నాడు. చుట్టాలు ఊరుకుంటారా? తన కొడుక్కి ఇచ్చుకోవడానికి చెరిపించబోయాడనీ, బెడిసికొట్టిందనీ, ఏరు దాటకముందే తెప్ప తగలేశాడనీ గుసగుసలు పోయాయి. ఆమె పైకి ఏమీ అనలేదు గానీ లోపల అదే నమ్మింది. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. ఊరందరి గొంతులూ దాచిన మనిషికి తన గొంతు దాచుకోవాలని ఎప్పుడూ తోచలేదు.

ఆ సాయంత్రమే ఓడాయన వచ్చాడు. వయసులో ఉండగా ఓడల్లో వంట చేసిన మనిషి. ఇప్పటికీ నేల ఊగుతున్నట్టే కాళ్లు ఎడంగా వేసి నడుస్తాడు. ఆయన ఓడ మీద ఉన్న రోజుల్లో పెళ్లాం క్యాసెట్టులో మాట్లాడి పంపేది. వాటిలో ఒక్కటే మిగిలింది. బూజు పట్టిన ఆ టేపు ఒక్కసారి తిరిగి, కాపీ అయిపోయి, తుంపులు తుంపులుగా తెగిపోయింది. కాపీ ఈ ల్యాప్‌టాప్‌లో ఉంది. శుభ్రం చేసి ఇస్తానన్న మనిషి ఈలోగా పోయాడు.

"ఏమైనా తెలిసిందా అమ్మా?" గుమ్మంలోనే నిలబడి అడిగాడు ఓడాయన.

"కూర్చోండి బాబాయిగారూ."

"కూర్చోడానికి కాదమ్మా. నిన్ను వేపుకు తింటున్నానని నాకూ తెలుసు. ఫొటో ఉంది, మొహం మర్చిపోను. గొంతే జ్ఞాపకం రావట్లేదు. మొన్నటిదాకా ఉండేది చెవిలో. పొద్దున లేచి చూసుకుంటే లేదు."

పోయింది, ఆశ వదులుకోండి అని మరిది తనకు చెప్పినంత తేలిగ్గా ఆయనకు చెప్పేద్దామని నోరు తెరిచింది.

"ఒక్క నాలుగు రోజులు ఆగండి. నేనే తీసుకెళ్లి చూపిస్తాను," అంది.

*

ఆమె దర్జీ దుకాణంలో కాజాలు కుడుతుంది. మర్నాడు చొక్కాల దొంతర పూర్తికాగానే, పాత దుప్పటిలో చుట్టిన ల్యాప్‌టాప్‌ను పసిపిల్లలా ఎత్తుకుని బజారు చివర మెట్లకింద ఉన్న రిపేరు కొట్టుకు వెళ్లింది. మరిది చూపించిన షాపు అది కాదు. ఇక్కడ మెకానిక్ ఒక అమ్మాయి. నుదుటికి చిన్న లైటు కట్టుకుని, ఎవరిదో ఫోను పొట్ట చీల్చి, పట్టకారుతో అందులోంచి దుమ్ము తీస్తోంది.

"ఏమైందక్కా?"

"పోయిందన్నారు."

"అందరూ ముందు అదే అంటారు. చచ్చినోడి కళ్లు చారెడని, పోయాకే దీని విలువ తెలుస్తుంది మనుషులకి," అంటూ మెకానిక్ దుప్పటి విప్పింది. అన్నాక ఆమె మెడకేసి, మొహంకేసి చూసి నాలుక కరుచుకుంది.

మీట నొక్కి, వెలుగు రాగానే ఒక మూల మీటను టకటకా తట్టింది. నల్ల తెరకు బదులు బూడిదరంగు పేజీ ఒకటి వచ్చింది. బాణం మీటలతో పక్క పేజీకి జరిగి, వేలుతో చూపించింది.

"చూడండక్కా. లేవగానే దీనికేమీ తెలీదు. తనెవరో కూడా తెలీదు. ఇదిగో, ఇక్కడ రాసిపెట్టిన వరస చూసుకుని ఒక్కో గుమ్మమే తడుతుంది. ముందు పెన్‌డ్రైవ్ ఉందా? లేదు. తర్వాత నెట్‌వర్క్ కేబులుందా? లేదు. తలుపు తీసినవాళ్ల దగ్గర ఆగుతుంది. ఎవరూ తియ్యకపోతే దొరకలేదని రాసి ఊరుకుంటుంది."

"మరి దీని సొంత డిస్కు?"

"అదే చెప్పొస్తున్నా. అది లోపలే ఉంది. కానీ దాని పేరు వరసలోంచి తీసి కింద పారేశారు. మనిషిని ఇంట్లోనే ఉంచి, ఎవరూ పిలవకండని చెప్పినట్టు."

"దానంతట అదే అలా అవుతుందా?"

"ఒక్కోసారి అన్నీ చెదిరిపోతాయి. అప్పుడు మీ ఐదున్నర అలారం కూడా పోవాలి. అది పక్క పేజీలో చెక్కుచెదరకుండా ఉంది. ఎవరో పని పెట్టుకుని ఇక్కడిదాకా వచ్చి, ఈ ఒక్క లైనే తీసి, సేవ్ చేసి వెళ్లారు."

ఆమెకు ఒళ్లు మండింది. పాడైపోయిందన్నాడే, ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడు!

"లోపల ఉన్నవి చెరిపేశారా?"

"అది ఇక్కడ కనపడదక్కా. వరస మార్చి వదిలితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. వదలమంటారా?" మెకానిక్ వేలు మీట మీద ఆనించింది.

కొట్టు ముందు ఇద్దరు మనుషులు ఫోన్ల కోసం నిలబడి ఉన్నారు. అవతల ఆటోలు హారన్లు కొడుతున్నాయి.

"వద్దు," అంది ఆమె.

"వద్దా?"

"ఇక్కడ వద్దమ్మా. ఉంటే అది మాట్లాడుతుంది."

మెకానిక్ ఎందుకని అడగలేదు. వేలు తీసేసి, ఏమీ సేవ్ చెయ్యకుండా బయటికొచ్చి, ల్యాప్‌టాప్ ఆపేసి, స్టూలు ఆమెకిచ్చి తను నిలబడింది.

"అయితే మీరే చేసుకోండి. నేర్పుతా."

మొదటిసారి మీట తొందరగా కొట్టింది. రెండోసారి ఆలస్యమై నల్లతెర వచ్చేసింది. మూడోసారి కోపంగా మీట మీద వేలు ఆనించి నొక్కిపట్టింది. అదీ కుదరలేదు. "మీద పడి నొక్కకండక్కా. నిద్రపోయే పిల్లాణ్ని లేపినట్టు తడుతూ ఉండండి," అంది మెకానిక్. కాజా కుట్టే వేలికి ఆ ఒడుపు పట్టుబడటానికి ఎంతోసేపు పట్టలేదు. బాణంతో కిందికి వెళ్లడం, తీసేసిన పేరును వరసలోకి తేవడం, పైకి జరపడం, చివర సేవ్ చేసి బయటికి రావడం, అన్నీ చేసి చూసింది. సేవ్ దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగిపోయింది.

ఇంటికొచ్చినా ఆ రోజు చెయ్యలేకపోయింది. ప్లగ్గు పెట్టి, ఐదున్నరకు అది లేచేసరికి ఎదురుగా కూర్చుని, వేలు మీట మీద ఉంచింది. తట్టలేదు. తెరవనంతసేపూ ఆయన లోపల ఉన్నట్టే. తెరిచాక ఖాళీగా ఉంటే, మనిషి రెండోసారి పోయినట్టు. నల్లతెర వచ్చి నిలబడింది. అద్దంలోలా అందులో తన మొహం కనపడుతుంటే, వెనకాల ఇంకెవరో నిలబడ్డట్టు అనిపించింది. తిరిగి చూస్తే కొక్కేనికి ఆయన చొక్కా.

*

ఆదివారం మరిది వచ్చాడు. రెండు వీధుల అవతల ఉంటాడు, బడి వ్యాను నడుపుతాడు. వచ్చినప్పుడల్లా తల్లి తల ఒళ్లో పెట్టుకుని, రెప్ప పైకెత్తి, కంట్లో మందు వేసి, కారిందంతా తన చేతిరుమాలుతో తుడుస్తాడు. ఆ పని ఎంత ఓపిగ్గా చేస్తాడంటే, చూసినవాళ్లెవరూ వీడు అన్న సొత్తు మీద కన్నేశాడని నమ్మరు. మందు వేశాక గోడ గడియారం చూశాడు. చూసి లేచాడు. అప్పుడు తట్టింది ఆమెకు. మరిది ఈ ఇంటికి రోజు మార్చి రోజు వస్తూనే ఉన్నాడు. ఆ ల్యాప్‌టాప్ తెచ్చిచ్చిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో ఐదున్నర మాత్రం చూడలేదు.

"వస్తా వదినా. వ్యాను కడగాలి."

"ఆదివారం బడి వ్యానుకి ఏం మురికి అంటిందయ్యా? కూర్చో."

ఆమె ల్యాప్‌టాప్‌ను అతనివైపు తిప్పింది. బూడిదరంగు పేజీ అప్పటికే తెరిచి ఉంది. తీసేసిన పేరు మీద చూపుడువేలు పెట్టింది.

"ఇది తీసేసిందెవరు?"

దొంగకు తేలు కుట్టినట్టయింది అతని మొహం.

"షాపువాడు."

"తియ్యమన్నదెవరు?"

అతను గుమ్మంకేసి చూశాడు.

"నీ కొడుక్కి కావాలంటే నన్ను అడిగితే ఇవ్వనా? చెరిపించావా? అది చెప్పు ముందు. ఆ ముసలాయనకి నేనేం చెప్పను?"

"లేదు వదినా, ఒట్టు. చెరపొద్దనే చెప్పా. లోపలిదేదీ పోకూడదు, లేవకుండా మాత్రం చెయ్యమన్నా. ఎందుకో వాడికి చెప్పలేకపోయా. వాడికి తోచింది వాడు చేశాడు."

"లేవకుండా ఎందుకు?"

అతను చేతిరుమాలు మడత పెట్టాడు, విప్పాడు, మళ్లీ మడత పెట్టాడు.

"అన్నయ్య పోయిన వారం నేనిక్కడే పడుకున్నా కదా. రోజూ ఆ టైముకి అడుగుతాడు, వినిపిస్తోందా అని. నువ్వు వంటింట్లో నోట్లో గుడ్డ కుక్కుకునేదానివి. అమ్మకి వినపడదు. ఇంక ఉన్నది నేనే కదా. నన్నే అడుగుతున్నాడు."

"నిన్నెందుకు అడుగుతాడు?"

"ఆరోజు మధ్యాహ్నం ఫోన్ చేశాడు."

ఆమె చెయ్యి తెర మీంచి జారి ఒళ్లో పడింది.

"బడి ముందు వ్యాన్లోనే ఉన్నా, ఖాళీగా. మళ్లీ ఎక్కడో డొక్కు టేప్ రికార్డరు దొరికుంటుంది, మోసుకురమ్మంటాడు అనుకున్నా. మోగనిచ్చా. మళ్లీ చేశాడు. ఫోన్ బోర్లా తిప్పి సీటు మీద పడేశా. అక్కణ్నుంచి గోదాము గేటు కనపడుతుంది వదినా. కనపడుతుంది." అతను చేతిరుమాలు జేబులో కుక్కుకున్నాడు. "గోదామువాళ్లు నాకిచ్చిన అన్నయ్య ఫోన్లోంచి, నీ చేతికిచ్చేలోపు ఆ రెండు కాల్సూ తీసేశా. అవి తీసెయ్యగలిగా. దీన్ని చెరపడానికి మాత్రం చెయ్యి రాలేదు. గొంతు కదా."

ఎత్తి ఉంటే బతికేవాడేమో. ఆ 'ఏమో' ఆమె గుండెలో దిగబడిపోయింది. తిడదామని చూసింది. కొడదామని కూడా చూసింది. ఏదీ చాతకాలేదు. ఊరుకో, నీ తప్పు కాదు అనే మాట మాత్రం నాలుక చివరికి కూడా రాలేదు, రానివ్వదల్చుకోలేదు.

"ఏమంటున్నాడే వాడు? ఎందుకలా ఉన్నాడు?" అంది అత్తగారు మంచం మీంచి.

"వాన పడేలా ఉందంటున్నాడత్తయ్యా," అని గట్టిగా అరిచి చెప్పింది.

"అయితే పొమ్మను. తడుస్తాడు."

అతను వెళ్లిపోయాడు. గేటు వెయ్యకుండానే వెళ్లిపోయాడు. వ్యాను మలుపు తిరిగే చప్పుడు వినపడకుండా పోయేదాకా ఆమె అలాగే కూర్చుంది. తరవాత బాణం మీట నొక్కి ఆ పేరు దగ్గరికి వెళ్లింది. వరసలోకి తెచ్చింది. ఒక్కో మెట్టే పైకి జరిపి, అన్నిటికంటే మీద పెట్టింది. సేవ్ చెయ్యమంటావా అని అడిగింది అది. చెయ్యమంది.

తెర ఆరిపోయి వెలిగింది. చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. ఆ తిరగడం ఎంతకీ తెమలలేదు. చెరిపేశారు, అంతా అబద్ధం అనుకుంటుండగా తెర మీద ఆయన పెట్టుకున్న పాత టేప్ రికార్డరు బొమ్మ వచ్చింది. వెనకాలే స్పీకరు గరగరలాడింది.

"ఒకటి. రెండు. మూడు. వినిపిస్తోందా?"

ఊరంతటికీ వినిపిస్తోంది అనే వేళాకోళం గొంతులోంచి పైకి రాలేదు. "వినిపిస్తోందండీ," అంది బల్ల అంచు పట్టుకుని. పక్కింటివాళ్లు వింటారని కూడా చూడకుండా ఏడ్చింది.

*

మర్నాడు ఓడాయనకు కబురు పంపింది. ఫైలు దొరికింది. కానీ ముందున్న చప్పుళ్లు కత్తిరించడం ఆమెకు రాదు. ఓడాయన కుర్చీలో ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. మొదట ఆమె భర్త దగ్గు వినిపించింది, "టేపు బాగా మెత్తబడింది, జాగ్రత్తగా," అని తనకు తానే చెప్పుకోవడం వినిపించింది. తరవాత టప్పుమని చప్పుడు, ఆ వెనక ఒక ఆడగొంతు, కొంచెం పొగరుగా.

"ఇది తిరుగుతోందో లేదో నాకేం తెలుసు? చక్రాలైతే కదులుతున్నాయి. ఏవండీ, కప్పు కారుతోందని పోయినసారే చెప్పా. మీరు ఉప్పునీళ్ల మీద తిరుగుతున్నారు, నేను వాన నీళ్లలో తిరుగుతున్నా. ఇంతకీ ఇది తిరుగుతోందా?"

"తిరుగుతోందే. చెప్పు," అన్నాడు ఓడాయన.

అన్నాక ఆయనకే సిగ్గేసి, ఆమెకేసి చూసి నవ్వాడు. కళ్లనిండా నీళ్లు.

"అప్పుడు జవాబు పంపలేదమ్మా. ఓడలో పని వంకపెట్టి బద్ధకించా. ఇన్నేళ్లకి చెప్పా. అదే పదివేలు."

ఆ ఫైలు ఎక్కించిన పెన్‌డ్రైవు జేబులో పెట్టుకుని లేస్తుంటే, "మొదట మావారి మాటలున్నాయి. తీయించి ఇస్తాను, రెండు రోజులాగితే," అంది ఆమె.

"తియ్యకమ్మా. ఉండనీ. తలుపు తీసి లోపలికి పిలిచిన మనిషి కదా."

ఆ తరవాత మరిది రావడం మానేశాడు. కంటిమందు సీసా కిటికీ గట్టు మీద ఉండిపోయింది. చిన్నోడికి ఒంట్లో బాగాలేదేమో అని అత్తగారు నస పెట్టింది. ఆమె తనే మందు వేసింది. చెయ్యి కుదరక సగం చెంప మీద కారింది. రోజూ ఐదున్నరకు ఆయన అడిగాడు, ఆమె జవాబు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ, తనది కాని ఉత్తరం తను విప్పుతున్నట్టు మనసులో ఏదో గుచ్చుకుంది.

ఆ వారం చివర్లో, ల్యాప్‌టాప్ లేచే వేళకు కాస్త ముందు, గేటు దగ్గర వ్యాను ఆగింది. ఇంజను ఆగలేదు. ఎవరూ దిగలేదు. కిటికీలోంచి చూస్తే స్టీరింగు మీద రెండు చేతులు, వాటి మీద వంచిన తల కనిపించాయి. ఆమెకు కోపం తగ్గలేదు. ఎప్పటికి తగ్గుతుందో కూడా తెలీదు. అయినా లేచి వెళ్లి కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసింది. స్పీకర్లను గేటువైపు తిప్పింది. గొంతు పెంచే చక్రాన్ని చివరిదాకా తిప్పింది. ఫ్యాను బుస కొట్టింది. గోడ మీద వెలుగు పడింది.

"ఒకటి," అన్నాడు ఆయన వీధి అదిరేలా. తరవాత కుడి స్పీకరు గుర్రుమని ఊరుకుంది. "మూడు. వినిపిస్తోందా?"

ఆమె నోరు మూసుకుని నిలబడింది. కావాలని ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండటం అదే మొదలు. అత్తగారు గోడకేసి చూసి ఏదో అనబోయి, కోడలి మొహం చూసి ఆగిపోయింది. వీధిలో ఇంజను ఆగిపోయింది.

మరిది లోపలికొచ్చాడు. చెప్పులు విడవలేదు. ఎవరి మొహమూ చూడకుండా నేరుగా బల్ల దగ్గరికి వెళ్లి, కుడి స్పీకరు నెత్తిన నాలుగు తట్టి, దాని మీదే చెయ్యి ఉంచి నిలబడ్డాడు.

"వినిపిస్తోందన్నయ్యా," అన్నాడు. తరవాత ఆమెవైపు తిరగకుండానే, "రెండు వినపడలేదు వదినా. తీగ వదులైంది. స్క్రూడ్రైవరుందా?" అని అడిగాడు.

ఆమె సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసింది. చేతికివ్వలేదు. బల్ల మీద, అతనికి అందేంత దగ్గరలో పెట్టి వంటింట్లోకి వెళ్లింది.